ఆరబెట్టే గదిలో అగ్ని: పారిశ్రామిక డ్రయ్యర్ల చరిత్రలో కాలిన గాయాలు

పరిశ్రమలలో ఆరబెట్టే పని సాధారణంగా తయారీ చివర వస్తుంది. పదార్థాన్ని ఉడికించడం, కలపడం, ఆమ్లంతో విడగొట్టడం, కడగడం, వడగట్టడం అన్నీ ముగిశాక మిగిలిన తేమను తొలగించడమే కదా అన్న భావన వల్ల కర్మాగారాల రూపకల్పనలోనూ, చట్టాలలోనూ, పరిశ్రమల చరిత్రలోనూ ఈ దశకు దక్కిన చోటు చాలా చిన్నది. కాని కాల్చడం కోసం కాక వేరే పని కోసం ఇంధనాన్నీ, గాలినీ, వేడినీ తెలిసి తెలిసి ఒకే గదిలో చేర్చే యంత్రం డ్రయ్యర్. తడిగా ఉన్నంతసేపు నిప్పుకు లొంగని పిండి, పాలు, గంజి, కలపగుజ్జు, మందుపొడి తేమ పోగానే ఇంధనమవుతాయి. ఆ తేమను పోగొట్టేది వేడిగాలి. ఆ వేడిగాలిలోనే అవి తేలుతూనో, పళ్ళేలలో పరచుకొనో ఉంటాయి. ఈ సంగతిని అందరికంటె ముందు గ్రహించినవారు తుపాకిమందు తయారీదారులు. 18, 19 శతాబ్దాలలో వారు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకున్న జాగ్రత్తలు పేలుడు పదార్థాల పరిశ్రమ గోడలు దాటి ఆహార, ఔషధ పరిశ్రమలలోకి పూర్తిగా రాలేదనీ, డ్రయ్యర్ల దగ్గర నేటికీ కార్మికులు కాలిపోవడానికి ఒక ముఖ్య కారణం ఆ లోటేననీ ఈ రెండు శతాబ్దాల చరిత్రను వరసగా చూస్తే తెలుస్తుంది.

నల్ల తుపాకిమందులో సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం ఉండేవి. ఈ మూడింటినీ పొడిగా నూరితే రాపిడికే అంటుకునే ప్రమాదం ఉండడం వల్ల నీళ్ళు చిలకరించి తడిగా నూరి, ఒత్తి, గింజలుగా విడగొట్టి, చివరకు వేడి గదిలో ఆరబెట్టేవారు. ఇంగ్లండులో ఆ గదిని స్టవ్ అనేవారు. పాతకాలపు స్టవ్‌లో పోత ఇనుప పొయ్యి వీపు భాగం మాత్రమే గదిలోకి పొడుచుకు వచ్చేది. నిప్పు వేసే నోరు గోడకు అవతల, బయట ఉండేది. మందు పరచిన చెక్క పళ్ళేలు గది లోపల అరలలో వరసగా ఉండేవి. నిప్పు సెగ మాత్రమే లోపలికి రావాలి, నిప్పు రాకూడదు అన్న సూత్రం ఈ కట్టడంలోనే ఉంది. అయినా ఎర్రగా కాలిన ఇనుము మీద రవ్వంత మందు ధూళి పడితే చాలు గనుక, తర్వాతి కాలంలో పొయ్యిని దూరంగా తొలగించి ఆవిరి గొట్టాలతోనూ, వేడినీటి గొట్టాలతోనూ గదిని వేడిచేయడం మొదలైంది. ఆవిరి గొట్టం ఎంత వేడెక్కినా ఎర్రగా కాలదు. అదే దాని గుణం. మంటను సరుకుకు దూరంగా ఉంచి వేడిని మాత్రమే మోసుకుపోయే ఈ పద్ధతి తర్వాతి కాలపు పారిశ్రామిక డ్రయ్యర్లలో చాలావాటికి పునాది అయింది.

1772లో బ్రిటిష్ పార్లమెంటు తుపాకిమందు తయారీపై చేసిన చట్టం ఒక స్టవ్‌లో ఒక విడతకు ఆరబెట్టదగిన మందుకు పరిమితి విధించింది. ప్రమాదం జరగకుండా చూడడం ఒక ఎత్తు, జరిగినప్పుడు దాని పరిమాణాన్ని ముందే తగ్గించి ఉంచడం మరొక ఎత్తు అన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. ఎంత జాగ్రత్త పడినా ఏదో ఒక రోజు గది పేలవచ్చునని ఒప్పుకొని, ఆ రోజున లోపల ఎంత సరుకు ఉండాలి అని లెక్కవేయడం పారిశ్రామిక భద్రత చరిత్రలో చాలా పెద్ద మలుపు.

ఈ పరిశ్రమకు అసలు పరీక్ష 1846లో క్రిస్టియన్ షోన్‌బైన్ ప్రకటించిన గన్‌కాటన్‌తో వచ్చింది. దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో నానబెట్టి కడిగి ఆరబెడితే, చూడడానికి మామూలు దూదిలాగే ఉండి తుపాకిమందును మించిన బలంతో పేలే పదార్థం వచ్చేది. ఇంగ్లండులోని ఫావర్‌షమ్ పట్టణంలో దాని తయారీ మొదలైన కొద్ది నెలలకే, 1847 జూలై 14న, కర్మాగారం పేలిపోయి సుమారు ఇరవై మంది మరణించారు. ఫ్రాన్సులోనూ అటువంటి ప్రమాదాలే జరగడంతో చాలా దేశాలు పదిహేనేళ్ళ పాటు ఆ పదార్థం జోలికి పోలేదు. దూది పోగుల లోపల కడుగుడుకు చిక్కని ఆమ్లం మిగిలిపోవడం వల్ల అది నెమ్మదిగా విఘటన చెంది, తనంతట తాను వేడెక్కుతున్నదని తెలుసుకొని, దూదిని గుజ్జుగా నూరి పూర్తిగా కడిగే పద్ధతిని 1865లో ఫ్రెడరిక్ ఏబెల్ రూపొందించాడు. 1868లో ఆయన సహాయకుడు బ్రౌన్ మరొక సంగతి కనుగొన్నాడు: తడిగా ఉన్న గన్‌కాటన్‌ను కూడా కొంచెం పొడి గన్‌కాటన్ సాయంతో పేల్చవచ్చు. దాంతో పెద్ద మొత్తాలను ఆరబెట్టవలసిన అవసరమే చాలావరకు తప్పిపోయి, నిల్వలను తడిగానే ఉంచడం ఆచారమైంది. ఆరబెట్టే పనిలో ప్రమాదానికి మొదటి విరుగుడు ఆరబెట్టకుండా ఉండగలగడమేనన్న విషయం అప్పుడు రుజువైంది. భద్రతా నిపుణులు ఇప్పుడు చెప్పే తొలి సూత్రం, అంటే ప్రమాదాన్ని కాపలా కాయడం కంటె దాన్ని లేకుండా చేయడమే మేలన్నది, ఇదే.

1871 ఆగస్టులో ఇంగ్లండులోని స్టోమార్కెట్ గన్‌కాటన్ కర్మాగారంలో ఇరవై మందికి పైగా మరణించిన పేలుడు తర్వాత, వివియన్ మెజెండీ అనే సైనికాధికారి పరిశోధనల ఆధారంగా 1875లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. కార్మికుని శరీరాన్ని దృష్టిలో ఉంచుకొని రాసిన తొలి పారిశ్రామిక చట్టాలలో దీన్ని చేర్చవచ్చు. ప్రతి కట్టడానికీ మరో కట్టడానికీ మధ్య ఉండవలసిన దూరం, ఒక్కో కట్టడంలో ఒకేసారి ఉండదగిన సరుకు, ఉండదగిన మనుషుల సంఖ్య లైసెన్సులోనే రాయవలసి వచ్చింది. జేబులు లేని పనిబట్టలు, మేకులు లేని పాదరక్షలు, లోపలికి వెళ్ళేముందు సోదా నియమాలయ్యాయి. 1884లో భారతదేశానికి వచ్చిన పేలుడు పదార్థాల చట్టం ఈ సంప్రదాయానికే చెందుతుంది; 1898లో ఏర్పడిన పేలుడు పదార్థాల విభాగం నాగపూర్ కేంద్రంగా నేటికీ పనిచేస్తున్నది. ఈ జాగ్రత్తలన్నీ పేలుడు పదార్థం అని పేరు పెట్టిన సరుకుకే పరిమితమయ్యాయి. పేలుడు పదార్థం కాని పొడి కూడా ఎండితే పేలగలదన్న జ్ఞానం అప్పటికి తొంభై ఏళ్ళ పాతదే అయినా, అది ఈ చట్టంలోకి రాలేదు.

ఆ జ్ఞానానికి మూలమైన సంఘటన ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1785 డిసెంబరు 14 సాయంత్రం ఒక రొట్టెల తయారీదారు పిండి గిడ్డంగిలో జరిగింది. పై గదిలోని పిండిని కింది గదిలోకి దించుతుండగా ఒక్కసారిగా ధూళి లేచి, గోడకు వేలాడుతున్న దీపం తగిలి పేలింది. కింద పిండి తోడుతున్న కుర్రవాడి ముఖమూ చేతులూ కాలి, జుట్టు మాడిపోయింది. గాయాలు మానడానికి రెండు వారాలకు పైగా పట్టింది. విచారించిన కౌంట్ మొరొజ్జో తన నివేదికలో దీపాన్నీ ధూళినీ చెప్పి ఊరుకోలేదు. ఆ ఏడు పీడ్‌మాంట్ ప్రాంతంలో నెలల తరబడి వాన లేకపోవడం వల్ల పిండి మామూలు కంటె ఎక్కువ ఎండి ఉన్నదని ప్రత్యేకంగా రాశాడు. ధూళి పేలుడును గురించిన తొలి శాస్త్రీయ వివరణగా పేరొందిన ఆ పత్రంలోనే ఎండిన స్థితికీ ప్రమాదానికీ ఉన్న సంబంధం స్పష్టంగా ఉంది. ముఖమూ చేతులూ కాలడమన్న ఆ గాయాల తీరు తర్వాతి రెండు శతాబ్దాల ప్రమాద నివేదికలలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

1872లో గ్లాస్గోలోని ట్రేడ్‌స్టన్ పిండిమరలో, 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ మరలో జరిగిన పేలుళ్ళు ఒక్కొక్కటీ 18 ప్రాణాలు తీశాయి. రెండవదాని తర్వాత మినసోటా విశ్వవిద్యాలయ ఆచార్యులు పెక్, పెకమ్ పిండి ధూళిని పెట్టెలలో చిమ్మి నిప్పు తగిలించి, అది నిజంగా పేలుతుందని ప్రజలకు చూపించారు. మరలలో ధూళిని పీల్చే యంత్రాలు వచ్చాయి. కాని అమెరికాలో 1919లో సీడర్ ర్యాపిడ్స్ నగరంలోని గంజిపొడి కర్మాగారం పేలి 43 మంది, 1924 జనవరిలో పెకిన్ పట్టణంలోని మరో గంజిపొడి కర్మాగారం పేలి 42 మంది మరణించారు. మొక్కజొన్న నుంచి తడిగా తీసిన గంజిని వేడి గదులలో బాగా ఆరబెట్టి మెత్తని పొడిగా సంచులలో నింపే పరిశ్రమ అది. పిండికంటె శుద్ధమైనదీ, పొడిగా ఉండేదీ, మెత్తనిదీ కనుక గంజిపొడి పిండికంటె ప్రమాదకరమైనది. అయినా తిండి సరుకు అన్న ఒక్క కారణంతో దాన్ని చూసి భయపడినవారు తక్కువ.

ఇటువంటి ప్రమాదాలలో ఇద్దరు ముగ్గురు గాయపడవలసిన చోట నలభై మంది మరణించడానికి కారణం రెండో పేలుడు. యంత్రం లోపల పుట్టిన చిన్న పేలుడు దూలాల మీద, గొట్టాల మీద, పైకప్పు సందులలో పేరుకున్న పొడిని దులిపి గాలిలోకి లేపుతుంది. ఆ మేఘం అంటుకొని భవనమంతా మంట పరచుకుంటుంది. ఘనమీటరుకు 500 కిలోల సాంద్రత గల పొడి ఒక మిల్లీమీటరు మందాన నేలంతా పరచుకొని ఉంటే, అయిదు మీటర్ల ఎత్తు గల గదిలో అది లేచినప్పుడు ఘనమీటరు గాలికి 100 గ్రాముల చొప్పున నిండుతుంది. చాలా సేంద్రియ పొడులు పేలడానికి కొన్ని పదుల గ్రాములే చాలు. వేలితో గీస్తే గీత పడేంత ధూళి ఒక భవనాన్ని కూల్చడానికి సరిపోతుందన్న ఈ లెక్క ప్రతి కర్మాగారం గోడ మీదా ఉండదగినది.

తెలుగు నేలలో ఆరబెట్టే పరిశ్రమ పెద్ద ఎత్తున స్థిరపడినది మొదట వర్జీనియా పొగాకుతో. 1839లో అమెరికాలోని నార్త్ కెరొలీనాలో స్టీఫెన్ స్లేడ్ అనే బానిస కమ్మరి బొగ్గుల సెగతో ఆకును పసుపు రంగుకు తేగలిగాడని చరిత్ర చెబుతుంది. తర్వాత పొయ్యి బయట, గొట్టాలు లోపల ఉండే ఆరబెట్టే గది, అంటే బ్యారన్, వచ్చింది. గుంటూరు ప్రాంతంలో 1920లలో ఈ సాగు వేళ్ళూనిన తర్వాత కృష్ణా, గోదావరి, ప్రకాశం ప్రాంతాలలో వేలాది బ్యారన్లు లేచాయి. కర్రలకు కట్టిన పచ్చాకును అంతస్తులుగా వేలాడదీసి, మొదట తక్కువ వేడిలో పసుపు పండించి, క్రమంగా వేడి పెంచి ఆకునూ, చివరకు సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈనెనూ ఆరబెడతారు. ప్రమాదమంతా ఈ చివరి దశలోనే ఉంటుంది. పూర్తిగా ఎండిన ఆకు ఒక్కటి జారి ఎర్రగా కాలిన గొట్టం మీద పడితే, పైనున్న పంటంతా అంటుకుంటుంది. గొట్టాల మీద ఇనుప వల పరచడం దీనికి తెలిసిన విరుగుడు. సెగ మాత్రమే లోపలికి రావాలన్న పాత తుపాకిమందు స్టవ్ కట్టడమే బ్యారన్‌లోనూ ఉన్నా, మనుషుల సంఖ్య గురించిన నియమాలు మాత్రం దానితో రాలేదు. బ్యారన్ కాలిపోతే పంట నష్టం లెక్కకు వస్తుంది గానీ, నిప్పు ఎగదోసే కూలీ చేతులు కాలితే ఆ గాయానికి ఏ పుస్తకంలోనూ పద్దు ఉండదు.

ఆరబెట్టే పనిని గంటల నుంచి క్షణాలకు తగ్గించినది స్ప్రే డ్రయ్యర్. ద్రవాన్ని తుంపరలుగా చేసి వేడిగాలిలోకి చిమ్మి ఆరబెట్టే పద్ధతికి 1872లో శామ్యూల్ పెర్సీ అమెరికాలో పేటెంటు పొందాడు. 1901లో జర్మనీకి చెందిన రాబర్ట్ స్టౌఫ్ దాన్ని పాలకు వర్తింపజేయగా, న్యూయార్క్ రాష్ట్రంలోని మెరెల్-సోల్ సంస్థ ఆ హక్కులు కొని పాలపొడి పరిశ్రమగా పెంచింది. 1933లో డెన్మార్క్‌లో యోహాన్ నైరప్ స్థాపించిన నీరో సంస్థ వేగంగా తిరిగే చక్రంతో తుంపరలు చేసే యంత్రాన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. ఒక లీటరు ద్రవాన్ని 50 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వ్యాసం గల చుక్కలుగా చేస్తే దాని ఉపరితలం మొత్తం 120 చదరపు మీటర్లవుతుంది. అందుకే 200 డిగ్రీల వేడిగాలి తగిలిన కొద్ది సెకన్లలో నీరంతా ఆవిరై, పొడి గరాటు వంటి అడుగుకు జారి, గాలి నుంచి పొడిని వేరుచేసే సైక్లోన్లలోనూ సంచి ఫిల్టర్లలోనూ పోగవుతుంది. ఉపరితలం పెరిగితే నీరు త్వరగా పోతుంది. అదే కారణం చేత నిప్పు కూడా త్వరగా పాకుతుంది. మంచి డ్రయ్యర్ చేసిన పొడి మంచి ఇంధనం కూడా కావడం ఈ యంత్రం స్వభావంలోనే ఉంది, దాన్ని ఏ నైపుణ్యమూ విడదీయలేదు.

స్ప్రే డ్రయ్యర్‌లో నిప్పు చాలాసార్లు బయటి నుంచి రాదు. తుంపరల చక్రం చుట్టూ, వేడిగాలి లోపలికి వచ్చే నోటి దగ్గర, గోడల మీద సరిగా ఆరని పొడి అంటుకొని పొరలుగా పేరుకుంటుంది. ఆ పొర గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా చర్య జరుపుతూ వేడిని పుట్టిస్తుంది. పొర పలుచగా ఉంటే ఆ వేడి బయటికి పోతుంది, మందంగా ఉంటే లోపలే నిలిచి ఇంకా వేడెక్కుతుంది. తడిగా వేసిన గడ్డివాము లోపలి నుంచి మాడడం రైతులకు తెలిసినదే. పొర మందం పెరిగేకొద్దీ అది అంటుకునే ఉష్ణోగ్రత తగ్గుతుందని రష్యా శాస్త్రవేత్త ఫ్రాంక్-కమెనెత్‌స్కీ 1930లలో గణితంతో నిరూపించాడు. అలా నివురుగప్పిన నిప్పుగా మారిన గడ్డ ఊడి కింద తేలుతున్న పొడిలో పడితే పేలుడే. గడ్డ మాడడం మొదలైన తొలి ఘడియల్లోనే బయటికి పోయే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ స్వల్పంగా పెరుగుతుంది గనుక, దాన్ని పసిగట్టి యంత్రాన్ని ఆపే పరికరాలు ఇప్పుడు పాలపొడి కేంద్రాలలో వాడుకలో ఉన్నాయి. అవి లేనిచోట ఆ పని కార్మికుని ముక్కూ కళ్ళూ చేస్తాయి. మాడు వాసన వస్తే తలుపు తీసి చూడడానికి, పేరుకున్న పొడిని గోకడానికి, నమూనా తీయడానికి వెళ్ళేది అతడే. తలుపు తీసినప్పుడు లోపలికి కొత్త గాలి పోయి, బయటికి మంట వచ్చేదీ అతని మీదికే.

ధూళి మంట ఒక మనిషిని తాకేది చాలాసార్లు సెకను కంటె తక్కువ సేపే. ఆ కొద్దిపాటి సమయంలో బట్ట కప్పని చోట్లు, అంటే ముఖం, మెడ, చేతులు, కాలుతాయి. బట్ట అంటుకుంటే మాత్రం గాయం లోతుకు దిగుతుంది, పాలియెస్టర్ వంటి బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పేలుడు పదార్థాల కార్మికులకు బట్టల నియమం పెట్టిన చట్టంలోని శ్రద్ధను పాలియెస్టర్ యూనిఫారాలు ఇచ్చే నేటి కర్మాగారాలు పట్టించుకోవు. వైద్యం వైపు చూస్తే, 1942లో బోస్టన్ నగరంలో 492 మంది మరణించిన కోకోనట్ గ్రోవ్ అగ్నిప్రమాద బాధితుల చికిత్స నుంచి ఊపిరితిత్తుల గాయాల గురించీ, శరీరం కోల్పోయే ద్రవాల గురించీ కొత్త అవగాహన వచ్చింది. కాలిన భాగాన్ని తొమ్మిది శాతం ముక్కలుగా లెక్కించే పద్ధతిని 1951లో వాలెస్ ప్రచురించాడు. 1968లో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రి వైద్యులు ఇచ్చిన సూత్రం ప్రకారం 60 కిలోల మనిషికి సగం శరీరం కాలితే మొదటి రోజున 12 లీటర్ల సెలైన్ వంటి ద్రవం ఎక్కించాలి, అందులో సగం మొదటి ఎనిమిది గంటలలో పోవాలి. ఆ గంటలను గాయపడిన క్షణం నుంచి లెక్కించాలే తప్ప ఆసుపత్రి చేరిన క్షణం నుంచి కాదు. కర్మాగారంలో అంబులెన్సు కోసం ఎదురుచూసిన ప్రతి నిమిషమూ ఈ లెక్కలో పడుతుంది.

హైదరాబాదుకు రసాయన ఔషధ పరిశ్రమ 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ (ఐడీపీఎల్) సంస్థతో వచ్చింది. బాలానగర్‌లో ఆ సంస్థ కర్మాగారం నెలకొల్పడం, మందుల తయారీ విధానానికి తప్ప మందుకే పేటెంటు ఇవ్వరాదని చెప్పిన 1970 చట్టం 1972లో అమలులోకి రావడం కలిసి జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలను బల్క్ డ్రగ్ కేంద్రాలుగా మార్చాయి. అక్కడి డ్రయ్యర్ల ప్రమాదం పాలపొడి కంటె ఒక మెట్టు ఎక్కువ. రియాక్టర్‌లో తయారైన మందును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసిన తడి ముద్దను కార్మికులు వెట్ కేక్ అంటారు. ఆ తడి నీటిది కాదు, అసిటోన్, మిథనాల్, టాల్వీన్ వంటి ద్రావకాలది. నిప్పు అందితే ఆవిరి అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. అది అసిటోన్‌కు సున్నాకు 20 డిగ్రీలు కింద, టాల్వీన్‌కు 4 డిగ్రీలు, మిథనాల్‌కు 11 డిగ్రీలు. అంటే హైదరాబాదు చలికాలంలో కూడా ఆ ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ట్రే డ్రయ్యర్‌లో ఈ ముద్దను పళ్ళేలలో పరచి వేడిచేస్తే పెట్టె నిండా ఆవిరి నిండుతుంది. ఎఫ్‌బీడీగా పిలిచే ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్‌లో కింది నుంచి వేడిగాలి ఊది పొడిని తేలుస్తుంటే, రేణువుల రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది, ఎర్తింగ్ తెగిన ఫిల్టర్ సంచి దగ్గర రవ్వ రాలుతుంది. ద్రావకపు ఆవిరీ పొడీ కలిసిన మిశ్రమం పొడి ఒక్కదానికి చాలనంత చిన్న రవ్వకు కూడా పేలగలదు.

ఔషధ పరిశ్రమలో నీటితో తడిసి ఉండే పదార్థాలు నిరపాయకరమైనవన్న నమ్మకం ఇక్కడి నుంచే పుట్టి ఉండాలి. ద్రావకం ఉన్నచోట భయం ఉంటుంది, నీళ్ళున్నచోట ఉండదు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అటువంటి పదార్థం. 1955లో అమెరికన్ విస్కోస్ సంస్థలో ఓర్లాండో బటిస్టా దాన్ని కనుగొన్నాడు. శుద్ధిచేసిన కలపగుజ్జును ఆమ్లంతో విడగొట్టి, కడిగి, నీటిలో కలిపిన ముద్దద్రవంగా, అంటే స్లరీగా చేసి స్ప్రే డ్రయ్యర్‌లో ఆరబెడితే, మాత్రలు గట్టిగా నిలిచేందుకు వాడే తెల్లని పొడి వస్తుంది. మందు మాత్రలలో ఎన్నింటిలోనో ఇది ఉంటుంది. తింటే ఏ హానీ చేయని పదార్థం గనుక విషాల జాబితాలో ఉండదు. గంజిపొడీ, సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. 1919లోనూ 1924లోనూ నలభై మందికి పైగా ప్రాణాలు తీసిన పొడికి ఇది దగ్గరి బంధువు.

నీటిలో ఉన్న పొడిని చూసి మోసపోవడానికి అత్యంత బాధాకరమైన ఉదాహరణ 2003 జనవరి 29న నార్త్ కెరొలీనాలోని కిన్‌స్టన్‌లో కనిపించింది. సిరంజీలకు రబ్బరు భాగాలు చేసే ఆ కర్మాగారంలో రబ్బరు పట్టీలు ఒకదానికొకటి అంటుకోకుండా పాలీథిలిన్ పొడి కలిపిన నీటిలో ముంచి, ఫ్యాన్ల గాలికి ఆరబెట్టేవారు. ఆరిన పట్టీల నుంచి లేచిన సన్నని పొడి సంవత్సరాల తరబడి పైకప్పు కింద వేలాడదీసిన పలకల పైన చేరింది. కింద నేల అద్దంలా ఉండేది. ఔషధ పరిశ్రమ కనుక శుభ్రత గురించి అక్కడ అందరికీ పట్టింపు. సరఫరాదారు ఇచ్చిన భద్రతా పత్రం ముద్దద్రవం గురించే చెప్పింది, అది ఆరితే ఏమవుతుందో చెప్పలేదు. ఆరుగురు మరణించారు, 38 మంది గాయపడ్డారు. మూడు వారాలకే, ఫిబ్రవరి 20న, కెంటకీ రాష్ట్రంలోని కార్బిన్‌లో, సరిగా పనిచేయని ఓవెన్ తలుపులు తెరిచి ఉంచి పనిచేస్తూ కంప్రెస్డ్ గాలితో ధూళి దులుపుతున్నప్పుడు రెసిన్ పొడి అంటుకొని ఏడుగురు మరణించారు. అమెరికా రసాయన భద్రతా మండలి 1980 నుంచి 2005 వరకు జరిగిన 281 ధూళి ప్రమాదాలను లెక్కవేసి, వాటిలో 119 మంది మరణించారనీ 718 మంది గాయపడ్డారనీ 2006లో ప్రకటించింది.

భారతదేశానికి ఈ విషయంలో చట్టం లేకపోలేదు. 1937 బ్రిటిష్ చట్టంలోని ధూళి నియమాలను అనుసరించి 1948 ఫ్యాక్టరీల చట్టంలో 37వ సెక్షన్ వచ్చింది. పేలగల ధూళి పుట్టే చోట యంత్రాన్ని మూసి ఉంచాలనీ, ధూళి పేరుకోనివ్వకూడదనీ, నిప్పు పుట్టగల వాటిని తొలగించాలనీ, యంత్రం పేలుడు ఒత్తిడిని తట్టుకోలేనిదైతే ఆ ఒత్తిడి బయటికి పోయే మార్గాలు పెట్టాలనీ అది ఆదేశించింది. మాటలు చాలినన్ని ఉన్నాయి. అంకెలే లేవు. ధూళి పొర ఎంత మందం మించరాదో, డ్రయ్యర్ ఉన్న భవనంలో ఒకేసారి ఎందరు ఉండవచ్చో ఆ సెక్షన్ చెప్పలేదు. భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత 1987లో చేసిన సవరణలూ, 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలూ విషవాయువులనూ మండే ద్రవాలనూ ప్రధానంగా దృష్టిలో పెట్టుకొన్నవి. ఆ విధంగా బాణసంచా నింపే గదిలో ఎందరుండాలో చెప్పే చట్టం ఉన్న దేశంలోనే, టన్నుల కొద్దీ ఎండిన సెల్యులోజ్ తేలే గది చుట్టూ ఎందరుండాలో చెప్పే చట్టం లేకుండా పోయింది.

2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తయారుచేసే కర్మాగారంలో సంభవించిన పేలుడులో స్ప్రే డ్రయ్యర్ ఉన్న భవనం కూలిపోయింది. తొలి గంటలలో చాలా వార్తలు దాన్ని రియాక్టర్ పేలుడుగా చెప్పాయి. డ్రయ్యర్ పేలగలదన్న ఊహ సమాజానికి అంత దూరంగా ఉండేది. చివరకు మృతుల సంఖ్య 54కు చేరింది. కాలిన దేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. ఎనిమిది మంది దేహాలు దొరకనే లేదు. మృతులలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారు ఎక్కువ. తెలంగాణ చరిత్రలో ఇంతటి పారిశ్రామిక ప్రమాదం మరొకటి లేదు. పేలుడుకు తక్షణ కారణమేదైనా, ఆ క్షణంలో ఆ భవనంలోనూ చుట్టుపక్కలా అంతమంది ఉండడం మాత్రం 1875 నాటి చట్టం రాసినవారు ఒప్పుకోని పరిస్థితి.

కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే పరికరం, పేలుడు ఒత్తిడిని ఆకాశంలోకి వదిలే పలక, మంటను మొదట్లోనే అణచే పొడి సీసాలు, దూరంగా కట్టిన కంట్రోల్ గది, నిప్పుకు త్వరగా అంటుకోకుండా శుద్ధిచేసిన నూలు బట్టలు, కార్మికుని సొంత భాషలో శిక్షణ, అది హిందీ అయినా ఒడియా అయినా, ఇవేవీ కొత్తగా కనిపెట్టవలసినవి కావు, అందుబాటులో లేనివీ కావు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ ఫ్యాక్టరీల నియమాలలో డ్రయ్యర్‌ను ప్రత్యేక యంత్రంగా గుర్తించి, ప్రతి డ్రయ్యర్ భవనానికీ లోపల ఉండదగిన సరుకునూ మనుషుల సంఖ్యనూ లైసెన్సులోనే నిర్ణయించాలి. ఆ రెండు అంకెలనూ తలుపు మీద రాయించాలి. తనిఖీకి వచ్చే అధికారి నేలను కాక పైకప్పు పలకల వెనక పేరుకున్న పొడిని కొలిచి చూడాలి.